రెండున్నర కిలోల చరిత్ర

భూపాలపల్లిలో ఏ జిమ్‌లోనైనా కొత్తగా చేరిన పిల్లగాడికి మొదటి రోజు కాస్త నిరాశే మిగులుతుంది. ఫోన్‌లో వీడియోలు చూసి, కొత్త బూట్లు కొనుక్కుని, అద్దం ముందు నిలబడి పెద్ద పెద్ద ప్లేట్లు ఎత్తేద్దామని వస్తాడు. ట్రైనర్ వచ్చి రాడ్‌కున్న ప్లేట్లన్నీ ఊడదీసి పక్కన పెడతాడు. "ముందుగాల రాడ్ ఒక్కటే పట్టు తమ్మీ. ప్లేట్ల సంగతి తర్వాత చూద్దాం" అంటాడు. మూడు సెట్లు, సెట్టుకు పదిసార్లు. పక్క బెంచీ మీద ఇంకొకరు తనకన్నా నాలుగింతలు ఎత్తుతుంటే, వీడు ఉత్త రాడ్ పైకీ కిందకీ ఆడిస్తూ సిగ్గుపడుతుంటాడు.

ఈ "మూడు పదులు" ఎక్కడివని అడిగితే ట్రైనర్ తన గురువు పేరు చెబుతాడు. ఆ గురువు హన్మకొండలోనో గోదావరిఖనిలోనో తాను నేర్చుకున్న జిమ్ పేరు చెబుతాడు. అక్కడి నుంచి ఇంకా వెనక్కి పోతే దారి 1940ల నాటి ఒక అమెరికా మిలటరీ ఆస్పత్రిలో తేలుతుంది. ఈ నేల మీద మనుషులు బరువులెత్తడం కొత్త కాదు. తక్కువతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే సౌకర్యం మాత్రం కొత్తది. ఈ ఊళ్ళో అయితే మరీ కొత్తది. ఎందుకంటే ఇది బొగ్గు బాయిల ఊరు.

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగి విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు పుచ్చుకుంది, 1889 నాటికి తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న దానికి సింగరేణి కాలరీస్ అనే పేరు స్థిరపడింది. 1945లో నిజాం సర్కారు కంపెనీని కొనేసింది. గోదావరి లోయలో కొత్తగూడెం, బెల్లంపల్లి, రామగుండం దాకా పాకిన బాయిలు గత శతాబ్దం చివరికి భూపాలపల్లి అడవుల్లోకి వచ్చాయి. కాకతీయ ఖని అని పేరు పెట్టారు. జనం నోట్లో అది కేటీకే. ఒకటో నంబరు, ఐదో నంబరు, ఆరో నంబరు అంటూ బాయిలు, వాటి చుట్టూ క్వార్టర్లు, క్వార్టర్ల చుట్టూ కాలనీలు. చెల్పూరులో 2010లో థర్మల్ కేంద్రం మొదలైంది. 2016 అక్టోబరు 11న జయశంకర్ భూపాలపల్లి జిల్లా ఏర్పడే నాటికి ఇది పల్లెగా చెప్పుకునే ఊరు కాదు.

సింగరేణి పాత కార్మికులను కదిలిస్తే మొదట వచ్చే మాట "తట్టా చెమ్మస్". భూగర్భ గనిలో షాట్ ఫైరర్ మందు పేల్చాక, పొగ విరిగేదాకా ఆగి, బొగ్గు నింపే ఫిల్లర్లు లోపలికి పోయేవారు. రాలిన బొగ్గును చెమ్మస్ అనే పారతో తట్టలోకి గుంజాలి. తట్ట ఎత్తుకుని పోయి టబ్బులో కుమ్మరించాలి. నెత్తి మీది టోపీకి దీపం, కాలి కింద తడి, పక్కన టింబర్ దిమ్మలు, మీద ఎప్పుడు రాలుతుందో తెలియని కప్పు. పెద్ద పెళ్లలైతే ఇద్దరు కలిసి ఎత్తేవారు. టబ్బుకు సుమారు ఒక టన్ను బొగ్గు పడుతుంది. కూలి పీస్ రేటు మీద, అంటే నిండిన టబ్బుల లెక్క మీద. తట్ట బరువు ఎంత అని ఎవరూ తూచలేదు. తూచింది టబ్బునే.

ఇందులో ఒక సంగతి గమనించాలి. నిన్న చేరిన బదిలీ (తాత్కాలిక) ఫిల్లర్‌కూ, ఇరవై ఏళ్ల సర్వీసున్న ఫిల్లర్‌కూ టబ్బు ఒకటే. కొత్తవాడని సగం టబ్బు ఇవ్వరు. మొదటి వారం ఒళ్లంతా పుండయిపోతే రెండో వారం తగ్గించే ఏర్పాటు లేదు. తట్టను ఒంటికి దగ్గరగా పట్టుకోవాలని, నడుము వంచకుండా మోకాళ్లు వంచి లేవాలని, ఎత్తే ముందు ఊపిరి బిగబట్టాలని చెప్పే పుస్తకమూ లేదు. పక్కనున్న పాతోడిని చూసి నేర్చుకోవాలి. లేదా నడుము పట్టేశాక నేర్చుకోవాలి. విచిత్రమేమంటే, ఈనాడు జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ నేర్పేటప్పుడు ట్రైనర్ చెప్పేవి ఈ మూడు మాటలే. రాడ్ కాలి ఎముకను రాసుకునేంత దగ్గరగా ఉండాలి, వీపు నిటారుగా ఉండాలి, ఊపిరి కడుపులో నింపి బిగించాలి.

బాయిలోనే కాదు, బాయి బయట కూడా బరువు మనిషిని బట్టి మారేది కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ వీపు మీద పడే పత్తి బస్తా, మిర్చి బస్తా మోసేవాడి వయసు అడగవు. జనగామ, పాలకుర్తి వైపు గీత కార్మికుడు మోకు బిగించి తాడెక్కేటప్పుడు మోసేది తన ఒంటినే. ఆ బరువును తగ్గించుకోవడం ఎవరి తరమూ కాదు.

వినోదానికి ఎత్తే బరువులదీ ఇదే తీరు. తెలుగు నాట చాలా ఊళ్లలో గుడి ముందో రచ్చబండ పక్కనో నున్నటి రాతి గుండు ఒకటి పడి ఉండేది. పండగ పూట కుర్రాళ్లు దాన్ని మోకాళ్ల దాకా, రొమ్ము దాకా, చివరికి భుజం మీదికి ఎత్తాలి. రాయలసీమలో గుండు ఎత్తే పోటీలు, ఇసుక మూట ఎత్తే పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. ఉత్తరాంధ్ర జాతరల్లో సంగిడీలనే రాళ్లు ఎత్తుతారు. ఎత్తినవాడు మొనగాడు, ఎత్తలేనివాడు నవ్వులపాలు. గుండులోంచి ఓ రెండు కిలోలు తీసి కొత్తవాడి చేతికిచ్చే వీలు లేదు కదా. ఊరి గుండు శిక్షణ ఇచ్చేది కాదు, పరీక్ష పెట్టేది. ఈ రెంటికీ తేడా తెలియకపోవడం వల్లనే ఎంతమంది కుర్రాళ్ల నడుములు విరిగాయో లెక్క రాసినవాళ్లు లేరు.

కొత్తవాడిని కొత్తవాడిగా చూసిన చోటు ఒక్కటి ఉండేది. అది కుస్తీ నేర్పే తాలీంఖానా. హైదరాబాద్‌లో, వరంగల్‌లో నిజాం కాలం నాటి తాలీంలలో ఉస్తాద్ పిల్లలకు మొదట గోదా మట్టి తవ్వించి, తర్వాత దండీలు, బస్కీలు తీయించేవాడు. పదితో మొదలై వందల్లోకి పోయేవి. ముద్గర్లలో చిన్నవీ పెద్దవీ ఉండేవి, చిన్నది చేతికి లొంగాకే పెద్దది. ఆర్యసమాజ్ వాళ్ల వ్యాయామశాలల్లోనూ ఇదే పద్ధతి. అంటే కొద్దికొద్దిగా పెంచడం అనే తెలివి మనవాళ్లకు లేదనడం తప్పు. కాకపోతే అక్కడ లెక్క సార్లలో ఉండేది, కిలోల్లో కాదు. పైగా ఆ చదువంతా కుస్తీ కోసం. కుస్తీ పట్టనివాడికి తాలీంలో పనేమిటి? 1940ల్లో జనగామ పల్లెల్లో దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు గుత్పలు, అంటే దుడ్డుకర్రలు, పట్టి గుంపులుగా కదిలినప్పుడు జనం దాన్ని గుత్పల సంఘం అన్నారు. అప్పుడూ ఒళ్లు గట్టిపడాల్సిన అవసరం వేరే పనికోసమే. ఒంటి కోసమే ఒంటిని పెంచడం అనేది పల్లెటూరి మనిషికి అప్పట్లో పనిలేనివాడి పనిగానే కనిపించేది.

రాజుల సంగతి వేరు. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి రాళ్ల మీద నాట్యగత్తెలతోపాటు మల్లయోధులు కూడా ఉన్నారు. ఇప్పుడు ములుగులో ఉన్న ఆ గుడి 2019 దాకా భూపాలపల్లి జిల్లాదే. మూడు వందల ఏళ్ల తర్వాత, 1520 ప్రాంతంలో, విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల పొద్దుటి అలవాట్లు రాసిపెట్టాడు. తెల్లవారకముందే రాయలు నువ్వుల నూనె తాగుతాడట, ఒళ్లంతా అదే నూనె పట్టిస్తాడట. చిన్న గుడ్డ చుట్టుకుని, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు చేతుల్లోకి తీసుకుంటాడట. ఆపైన కత్తి పట్టి, పట్టించిన నూనె చెమటగా కారిపోయేదాకా సాము చేస్తాడట. ఆ తర్వాత మల్లుడితో కుస్తీ, అదయ్యాక తెల్లారేదాకా గుర్రపు స్వారీ. రాయలు బరువులతో వ్యాయామం చేసిన సంగతి గురించి ఆయన కాలంలోనే రాసిన మాట ఇది. మట్టి బరువులు గనుక కుమ్మరి తలచుకుంటే ఏ సైజులోనైనా చేసి ఇవ్వగలడు. పేస్ మాత్రం పెద్దవనే రాశాడు. చిన్నవి ఎవరికి కావాలి?

బరువు తూచుకోవడం గురించి ఇక్కడ ఒక ముక్క చెప్పుకోవాలి. జిమ్‌లో చేరిన మొదటి రోజు తూకం మీద నిలబెడతారు. కానీ ఈ ప్రాంతం మనిషికి తన ఒంటి బరువు తెలుసుకునే అలవాటు జిమ్ నేర్పింది కాదు. మేడారం జాతరకు మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బంగారం, అంటే తమ బరువుకు సరితూగే బెల్లం, సమ్మక్క సారలమ్మలకు సమర్పిస్తారు. రెండేళ్లకోసారి జాతర. ఆ లెక్కన ఒంటి బరువు రెండేళ్లకోసారి తేలేది. లావెక్కితే బెల్లం ఖర్చు పెరుగుతుంది, అంతే తేడా.

బలం అనేది టికెట్ పెట్టి చూపించే వస్తువుగా మారింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. 1904-05లో వస్తాదు యూజెన్ శాండో భారతదేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. తెలుగువాళ్లకు అంతకు మించినవాడు ఇంట్లోనే దొరికాడు. వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పూర్తి చేసి, విజయనగరంలో బడి పిల్లలకు వ్యాయామం నేర్పాడు. ఆపైన సర్కస్ పెట్టాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవాడు, ఇనుప గొలుసులు తెంచేవాడు, రెండు కార్లకు కట్టిన గొలుసులు రెండు చేతులతో పట్టి వాటిని కదలనిచ్చేవాడు కాదు. వైస్రాయ్ మింటో స్వయంగా కారు నడిపి పరీక్షించాడని చెప్పుకుంటారు. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. మాంసం ముట్టని మనిషి. 1942లో కన్నుమూశాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే.

రామమూర్తి నాయుడిని చూసి వేల మంది కుర్రాళ్లు దండీలు తీయడం మొదలుపెట్టి ఉంటారు. అయితే ఏనుగును ఛాతీ మీద పెట్టుకోవడానికి ముందు మేకపిల్లతో మొదలుపెట్టాలని చెప్పడం ప్రదర్శనల పని కాదు. జనం చూసింది చివరి మెట్టునే.

కింది మెట్లు కట్టింది కమ్మరి కొలిమిలాంటి చోటే, కాకపోతే అమెరికాలో. 1902లో అలన్ కాల్వర్ట్ అనే ఆయన ఫిలడెల్ఫియాలో మైలో బార్‌బెల్ కంపెనీ పెట్టాడు. అంతకుముందు బార్‌బెల్ అంటే రెండు చివర్లా ఇనుప గుండ్లు పోత పోసిన కడ్డీ. ఒక్కో బరువుకు ఒక్కో కడ్డీ కొనాలి. కాల్వర్ట్ అమ్మినవాటిలో గుండ్లు గుల్లగా ఉండి, లోపల సీసపు గుళికలు పోసి బరువు పెంచుకునే వీలుండేది. కొద్ది ఏళ్లకే గుళికల స్థానంలో ప్లేట్లు వచ్చాయి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ నాటికి జర్మనీలో కాస్పర్ బెర్గ్ తయారుచేసిన రాడ్ వచ్చింది. దాని చివర్లు తిరుగుతాయి, అందువల్ల ఎత్తేటప్పుడు మణికట్టు మెలిపడదు. ఇప్పుడు భూపాలపల్లి జిమ్‌లో కనిపించే రాడ్‌కు అదే పూర్వరూపం. మగవాళ్ల పోటీల్లో వాడే నిఖార్సయిన ఒలింపిక్ రాడ్ ఒక్కటే 20 కిలోలు. చిన్న ఊళ్ల జిమ్‌లలో సన్నవీ, తేలికవీ కూడా ఉంటాయి గనుక తాను ఎత్తింది ఎంతో పిల్లలు లెక్క తప్పుతుంటారు.

ఊరి గుండుకూ ఈ రాడ్‌కూ ఉన్న తేడా ఇదే. గుండు బరువు దేవుడు పెట్టింది, రాడ్ బరువు మనం పెట్టుకునేది.

మనవాళ్లు ఈ రాడ్‌ను త్వరగానే అందుకున్నారు. కృష్ణా జిల్లా గండిగుంటకు చెందిన దండమూడి రాజగోపాలరావు 1948 లండన్ ఒలింపిక్స్‌లో హెవీ వెయిట్ విభాగంలో పాల్గొన్నాడు. నలభై దాటాక ఆయన్ని చూడాలంటే 1963 నాటి 'నర్తనశాల' చూస్తే చాలు, కీచకుణ్ని మట్టుబెట్టే భీముడు ఆయనే. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఒలింపిక్స్‌లో ఆయన ఎత్తిన మూడు పద్ధతుల్లో ఒకటైన ప్రెస్‌ను 1972 తర్వాత తీసేశారు. ఇప్పుడున్నవి స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ మాత్రమే.

ఇక మూడు పదుల దగ్గరికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో షికాగోలోని గార్డినర్ జనరల్ హాస్పిటల్ గాయపడ్డ సైనికులతో నిండిపోయింది. మోకాలికి ఆపరేషన్ అయినవాళ్లు నెలల తరబడి మంచం దిగడం లేదు. తేలికపాటి బరువుతో ఎక్కువసార్లు కాలు ఆడించడమే అప్పటి వైద్యం. తొడ కండ మాత్రం తిరిగి రావడం లేదు. అక్కడ థామస్ డెలోర్మ్ అనే కుర్ర డాక్టరు ఉన్నాడు. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి మంచాన పడి, లేచాక బరువులెత్తి ఒళ్లు నిలబెట్టుకున్నవాడు. తన మీద పనిచేసింది రోగుల మీద ఎందుకు పనిచేయదనుకున్నాడు. కాలికి ఇనుప చెప్పు తొడిగి, దానికి బరువులు తగిలించి ఎత్తించాడు. రోగి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువు ఎంతో మొదట కనుక్కునేవాడు. పదకొండోసారి ఎత్తలేకపోవాలి. వారం వారం ఆ బరువు పెంచేవాడు.

1945లో ఈ సంగతి వైద్య పత్రికలో రాశాడు. మొదట్లో ఏడు నుంచి పది సెట్లు చేయించేవాడు. ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి 1948 నాటికి దాన్ని మూడుకు కుదించాడు. మొదటి సెట్టు సగం బరువుతో, రెండోది ముప్పావు బరువుతో, మూడోది పూర్తి బరువుతో, ఒక్కో సెట్టులో పదిసార్లు. క్రమంగా ఈ లెక్క ఆస్పత్రుల గడప దాటి జిమ్ గోడల మీది చార్టుల్లోకి ఎక్కింది. దారిలో ఒకటి రాలిపోయింది. సగం, ముప్పావు, పూర్తి అన్న మెట్లు పోయి మూడు పదులు మాత్రం మిగిలాయి. కొత్తవాడు మొదటి సెట్టు నుంచే పూర్తి బరువు పట్టి మూడో సెట్టుకు చేతులెత్తేయడం ఏ జిమ్‌లోనైనా కనిపించే దృశ్యమే. డెలోర్మ్ అసలు లెక్కలో ఆ ఇబ్బంది ఉండేది కాదు.

బరువు తగ్గించి మొదలుపెట్టడానికి శరీరంలోనూ కారణం ఉంది. జిమ్‌లో మొదటి రోజు సరదాగానే గడుస్తుంది. రెండో రోజు పొద్దున మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. షర్టు తొడుక్కోవడానికి చెయ్యి పైకి లేవదు, పళ్లు తోముకోవడానికి మోచెయ్యి మడవదు. ఈ నొప్పి వెంటనే రాదు, మర్నాటికి మొదలై రెండు మూడు రోజులుంటుంది. థియోడర్ హాఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1902లోనే దీన్ని పరిశీలించి, అలవాటు లేని కండ లోపల చిన్న చిన్న చిరుగులే కారణం కావచ్చన్నాడు. అదే పని కొన్నాళ్లు చేస్తే నొప్పి దానంతటదే తగ్గుతుంది. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక మూడో రోజే జిమ్ మానేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఫీజు మాత్రం ముందే కట్టి ఉంటారు.

మూడు నాలుగు వారాలు ఆగినవాడికి ఇంకో వింత ఎదురవుతుంది. అద్దంలో చేతులు అంతే సన్నగా ఉంటాయి, రాడ్ మీద మాత్రం ప్లేట్లు పెరుగుతాయి. 1979లో మొరిటాని, డివ్రీస్ అనే ఇద్దరు పరిశోధకులు దీని గుట్టు విప్పారు. మొదటి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలది. ఉన్న కండనే ఎక్కువగా, ఒక వరసలో వాడుకోవడం ఒళ్లు నేర్చుకుంటుంది. కండ లావెక్కడం ఆ తర్వాతి ముచ్చట. బాయిలోని పాత ఫిల్లర్ సన్నగా ఉండి కూడా వస్తాదులాంటి కొత్తవాడి కన్నా ఎక్కువ టబ్బులు నింపగలగడం వెనుక ఉన్నదీ ఇదే కావచ్చు.

అలా రాడ్ మీద పెరిగే చిన్న ప్లేటు, అంటే రెండున్నర కిలోలు, ఎంత అని ఎవరైనా అడిగితే కరణం మల్లీశ్వరి పేరు చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న దగ్గర పన్నెండేళ్ల వయసులో రాడ్ పట్టిన అమ్మాయి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడు. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లింది, నిలవలేదు. స్వర్ణం గెలిచిన లిన్ వెయినింగ్, రజతం గెలిచిన మార్కుష్ ఇద్దరూ ఎత్తింది 242.5. అంటే స్వర్ణానికీ కాంస్యానికీ మధ్య దూరం జిమ్‌లో అందరూ చిన్నచూపు చూసే ఒక చిన్న ప్లేటంత. ఆ ఇద్దరి మధ్య తేడా అదీ కాదు, ఒంటి బరువు. తేలికగా ఉన్న లిన్‌కు స్వర్ణం దక్కింది.

మల్లీశ్వరి తర్వాత ఉత్తరాంధ్రలో రాడ్ పట్టిన ఆడపిల్లల సంఖ్య పెరిగింది. విజయనగరం దగ్గరి కొండవెలగాడను వెయిట్‌లిఫ్టర్ల ఊరనే పిలుస్తారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి పిల్లే. సంగిడీలు ఎత్తిన ప్రాంతంలోనే రాడ్ కుదురుకోవడం కాకతాళీయం కాకపోవచ్చు. ఇటు తెలంగాణలో హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఆ పని చేసింది. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్‌లో 85 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన బాపట్ల కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ అక్కడే చదువుకున్నాడు.

భూపాలపల్లికి జిమ్ వచ్చిన దారి పోటీలది మాత్రమే కాదు. సింగరేణిలో వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఏటా కార్మికులకు ఆటల పోటీలు పెడుతుంది. వెయిట్‌లిఫ్టింగ్, పవర్‌లిఫ్టింగ్, బాడీ బిల్డింగ్‌లలో నెగ్గినవాళ్లు కోల్ ఇండియా స్థాయికి పోతారు. బొగ్గు ఎత్తే చేతులకు రాడ్ ఎత్తే అవకాశం ముందుగా ఇచ్చింది ఆ పోటీలే. రెండో దారి సినిమా. 2007లో 'దేశముదురు'లో అల్లు అర్జున్ సిక్స్ ప్యాక్ చూపించాక తెలుగు హీరోకు చొక్కా విప్పే సీను తప్పనిసరైంది. చిన్న ఊళ్ల జిమ్‌లలో హనుమంతుడి పటం పక్కన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్, ఆయన పక్కన మన హీరో చేరారు.

అన్నింటికన్నా బలమైన దారి మాత్రం బాయిలో జరిగిన మార్పు. బొగ్గును ఎత్తిపోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చి తట్టా చెమ్మస్‌ను నెట్టేశాయి. ఓపెన్‌కాస్ట్‌లో షావెల్, డంపర్ పని చేస్తాయి, మనిషి సీట్లో కూర్చుంటాడు. తండ్రి ఫిల్లర్, కొడుకు ఆపరేటరో, క్లర్కో, కలెక్టరేట్‌లో కంప్యూటర్ ముందు ఉద్యోగో. తండ్రికి కూలి తెచ్చిన కష్టాన్ని కొడుకు నెలకింత ఫీజు కట్టి కొనుక్కుంటున్నాడు. దీన్ని వెటకారంగా చెప్పేవాళ్లున్నారు. "బాయిల పని చేస్తే పైసలిస్తరు, నువ్వు పైసలిచ్చి బరువులెత్తుతవేందిరా" అని ఇంట్లో పెద్దవాళ్లు అనడం మామూలే. కానీ ఆ తండ్రి నడుముకూ మోకాళ్లకూ ఏమైందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎంత ఎత్తాలో తానే నిర్ణయించుకుని, నొప్పి పుడితే దించేసే హక్కు తండ్రికి లేదు, కొడుక్కి ఉంది. ఫీజు కట్టేది ఆ హక్కుకే అనుకున్నా తప్పు లేదు.

బొగ్గు ఊళ్లో జిమ్‌కు కూడా షిఫ్టులే గడియారం. ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు సాయంత్రం వస్తారు, సెకండ్ షిఫ్ట్ వాళ్లు పొద్దున వస్తారు, నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు వస్తే ట్రైనరే పోయి పడుకొమ్మంటాడు. పాతకాలం బస్కీలు తీసిన పెద్దాయన ఎవరైనా వస్తే స్క్వాట్ దగ్గర చిక్కొస్తుంది. బస్కీలో మడమలు లేస్తాయి, చేతులు ఊగుతాయి, వేగమే ప్రాణం. స్క్వాట్‌లో మడమలు నేలకు అతుక్కోవాలి, మెడ వెనక రాడ్ ఉంటుంది, మెల్లగా దిగాలి. వందల బస్కీలు తీసినవాడు కూడా ఉత్త రాడ్‌తో పదోసారికి ఆయాసపడతాడు.

ఆడవాళ్లకు చాలాచోట్ల వేరే వేళలు పెడతారు. బరువులెత్తితే మగవాళ్లలా అయిపోతామన్న భయంతో చాలామంది ట్రెడ్‌మిల్ దగ్గరే ఆగిపోతారు. ఆ భయానికి ఆధారం లేదు, మగవాళ్లలో కండ పెంచే హార్మోను ఆడవాళ్లలో చాలా తక్కువ. నాట్ల కాలంలో రోజంతా వంగి పనిచేసి, నారు మోపులు మోసిన ఇంటి ఆడవాళ్లకు ఐదు కిలోల డంబెల్ చూసి భయపడమని ఎవరు నేర్పారో గానీ, వాళ్లకు పెద్ద అపకారమే చేశారు.

జిమ్ జనంలో ఇంకో గుంపు ఉంది. అది నోటిఫికేషన్‌తో వచ్చి, నోటిఫికేషన్‌తో పోతుంది. 2022లో తెలంగాణ పోలీసు నియామకాల్లో మగవాళ్లకు పెట్టిన దేహదారుఢ్య పరీక్షలు మూడు. 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్ జంప్ 4 మీటర్లు, షాట్‌పుట్ 6 మీటర్లు. షాట్ బరువు 7.26 కిలోలు. ఈ అంకె వింతగా ఉందంటే అది కిలోల్లో పుట్టింది కాదు గనుక. ఇంగ్లండు లెక్కలో 16 పౌండ్లు. ఊరి గుండు మాదిరే ఇదీ ఎవరి కోసమూ తగ్గదు. 55 కిలోల పిల్లగాడికీ, 85 కిలోల పిల్లగాడికీ అదే గుండు, అదే గీత.

అందుకే నోటిఫికేషన్ పడగానే పొద్దున గ్రౌండ్‌లో పరుగు, సాయంత్రం జిమ్‌లో భుజాల వంతు. చిక్కల్లా ఏమిటంటే జిమ్‌లో 7.26 కిలోల డంబెల్ ఉండదు. 5 తర్వాత 7.5, ఆ తర్వాత 10. ట్రైనర్ 5తో మొదలుపెట్టి 7.5కు, ఈవెంట్లు దగ్గరపడేసరికి 10కి తీసుకుపోతాడు. మొదటి రోజే 10 అందుకోబోయినవాడి చేతిలోంచి దాన్ని తీసి ర్యాక్‌లో పెట్టేస్తాడు.